మీ ఒంటి ఆకారం పేరేమిటి? ఆ పేరుతో పనేమిటి?

యాపిల్, పియర్ (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే బేరిపండు), దీర్ఘచతురస్రం, తలకిందుల త్రిభుజం, ఇసుక గడియారం. ఆడవాళ్ళ ఒంటి తీరుకు ఈ ఐదు పేర్లు బాగా చెలామణీలో ఉన్నాయి. చివరిదాన్ని ఢమరుకం అంటే తెలుగువాళ్ళకు ఇంకా తొందరగా కళ్ళకు కడుతుంది: పైనా కిందా విశాలం, మధ్యలో సన్నం. మగవాళ్ళ దగ్గరకొచ్చేసరికి పండ్లు మాయమై ఎక్టోమార్ఫ్, మెసోమార్ఫ్, ఎండోమార్ఫ్ అనే బరువైన మాటలు దిగుతాయి. నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే చాలు, ఫోన్‌లో ఒక పేరు ప్రత్యక్షమవుతుంది. దాని వెనకే ఏ బట్టలు వేసుకోవాలి, ఏం తినాలి, ఏ వ్యాయామం చేయాలి అనే జాబితా కూడా వస్తుంది.

చిక్కేమిటంటే, ఒకే మనిషి మూడు చోట్ల ఈ పరీక్ష రాస్తే మూడు పేర్లు రావచ్చు. ఒకచోట 'మీ భుజాలు తుంటికన్నా వెడల్పా?' అని అడుగుతారు. ఇంకోచోట ఛాతీ, నడుము, తుంటి చుట్టుకొలతలు అడుగుతారు. మరోచోట కొలతల ఊసే ఉండదు, 'ఒళ్ళు చేస్తే ముందుగా ఎక్కడ తెలుస్తుంది?' అని అడిగి ఊరుకుంటారు. మొదటి ప్రశ్న ఎముకల గురించి. రెండోది ఎముక, కండ, కొవ్వు అన్నీ కలిసిన మొత్తం గురించి. మూడోది ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరుతుందన్న దాని గురించి. మూడూ వేరువేరు సంగతులు. విశాలమైన భుజాలున్న మనిషికి తొడల దగ్గర కొవ్వు చేరే స్వభావం ఉండొచ్చు. అలాంటివాళ్ళు ఒక లెక్కలో తలకిందుల త్రిభుజం, ఇంకో లెక్కలో పియర్.

అయినా ఫలితం చూసినవాళ్ళలో చాలామందికి 'అచ్చం నా గురించే' అనిపిస్తుంది. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రామ్ ఫోరర్ తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన రాసిచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. 'మీ నడుము దగ్గర కొన్ని బట్టలు సరిగ్గా కుదరవు' అనే వాక్యం కూడా ఇదే కోవలోది. ఎవరికి వర్తించదు గనక?

కొలతలతో గట్టిగా తేల్చే పద్ధతి లేకపోలేదు. 2004లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వస్త్రరంగ పరిశోధకులు స్త్రీల ఆకారాలను తొమ్మిది రకాలుగా విడదీసే సూత్రాలు ప్రకటించారు. ఛాతీ, నడుము, తుంటి చుట్టుకొలతల మధ్య తేడాలే వాటికి ప్రధాన ఆధారం. ఉదాహరణకు ఢమరుకం అనిపించుకోవాలంటే మూడు షరతులున్నాయి. ఛాతీ తుంటికన్నా అంగుళానికి మించి పెద్దది కాకూడదు. తుంటి ఛాతీని 3.6 అంగుళాలు మించకూడదు. ఛాతీకి నడుముకి కనీసం 9 అంగుళాలో, తుంటికి నడుముకి కనీసం 10 అంగుళాలో తేడా ఉండాలి.

ఇప్పుడు ఛాతీ 36, నడుము 27, తుంటి 37 అంగుళాలున్న స్త్రీని తీసుకుందాం. ఛాతీకి నడుముకి తేడా సరిగ్గా 9. ఆమె ఢమరుకం. కడుపునిండా భోంచేశాక కొలిస్తే నడుము 27న్నర వచ్చిందనుకోండి. ఆ తేడా 8న్నరకు పడింది, తుంటి వైపు కావలసిన 10 కూడా లేదు. ఇక ఆమె దీర్ఘచతురస్రం. అన్నం అరిగేలోపు ఆకారం పేరే మారిపోయింది! సూత్రం తప్పని కాదు, ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే వర్గాలే ఉండవు. కానీ గీతకు అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ మధ్య అరంగుళమే తేడా, ఒకే వర్గంలో ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్ళ మధ్య మాత్రం బోలెడంత.

ఇదే పద్ధతిలో ఆ విశ్వవిద్యాలయం 2005 ప్రాంతంలో 6 వేల మందికి పైగా స్త్రీల కొలతలు పరిశీలించింది. 46 శాతం మంది దీర్ఘచతురస్రం కింద తేలారు. కింది భాగం బరువుగా ఉన్నవాళ్ళు 20 శాతం పైచిలుకు, తలకిందుల త్రిభుజం 14 శాతానికి కాస్త తక్కువ. ఢమరుకం 8 శాతమే. ప్రబంధ కవులు నాయిక నడుము అసలు ఉందా లేదా అని సందేహపడుతూ పద్యాలు రాశారు. టేపు పట్టుకుని చూస్తే దాదాపు సగం మందికి నడుము నిక్షేపంగా ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. దీర్ఘచతురస్రం అన్నది నిజానికి ఒక ఆకారం కాదు, 'ఏ తేడా కూడా గీత దాటనివాళ్ళు' అని అర్థం. మిగిలినవాళ్ళందరినీ పోసిన గంప అది. ఆ పేరు వచ్చినవాళ్ళు తమ ఒళ్ళు పలకలా ఉందని దిగులు పడటం అనవసరం.

అసలు ఒళ్ళను ఇలా వర్గాలు చేయాలన్న అవసరం ఎవరికొచ్చింది? రెడీమేడ్ బట్టలు కుట్టేవాళ్ళకు. దర్జీ ఎదురుగా నిలబడి కొలతలిచ్చే పద్ధతిలో ఈ గొడవ లేదు, ఎవరి ఒళ్ళు వారిదే. వేల జతలు ఒకేసారి కత్తిరించాలంటే మాత్రం ఒక 'సగటు మనిషి' కావాలి. 1939, 1940 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది స్త్రీలను ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిపించింది. తెల్లజాతి స్త్రీల కొలతలే లెక్కకు వచ్చాయి. ఆ సమాచారం ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం ఒకటి ప్రకటించారు. అది నిజమైన ఒళ్ళకు కుదరక 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. అప్పటినుంచి ఏ కంపెనీ సైజు దానిదే. ఒకే మనిషికి ఒక బ్రాండులో మీడియం, ఇంకో బ్రాండులో ఎక్స్‌ఎల్ సరిపోవడానికి కారణం ఒళ్ళు కాదు. ఆ కంపెనీ తన సగటు మనిషిగా ఎవరిని అనుకుందన్నదే.

కాబట్టి బట్టల విషయంలో ఆకారం పేరుకు కొంత ఉపయోగం ఉంది, ఒప్పుకోవాలి. తుంటికి సరిపోయిన ప్యాంటు నడుము దగ్గర ఎప్పుడూ వదులవుతోందంటే 'నా ఒళ్ళు పాడైంది' అనుకోవడం కన్నా 'నా నడుముకీ తుంటికీ ఉన్న తేడా, వీళ్ళు కత్తిరించిన తేడా కన్నా ఎక్కువ' అనుకోవడం మంచిది. అప్పుడు చేయాల్సిన పని కూడా తెలుస్తుంది: వెడల్పైన చోటుకు సరిపోయేది కొనడం, మిగతాచోట దర్జీతో బిగుతు చేయించుకోవడం. బట్ట వదులుగా ఉంటే కుట్టు వేసి తగ్గించవచ్చు, బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయాలంటే లోపల మడిచిన గుడ్డ మిగిలి ఉండాలి. కుట్టుపని తెలిసినవాళ్ళు మొదట్లోనే నేర్చుకునే సంగతి ఇది. దీనికి పండు పేరు తెలియాల్సిన పనిలేదు, రెండు అంకెలు చాలు.

పైగా బట్ట కుదరడానికి అవసరమైన చాలా వివరాలు ఈ పేర్లలో లేనే లేవు. అన్నిటికన్నా పెద్ద లోటు పొడవు. మొండెం పొడుగ్గా కాళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళకూ, కాళ్ళు పొడుగ్గా మొండెం పొట్టిగా ఉన్నవాళ్ళకూ చుట్టుకొలతలు అచ్చంగా ఒకటే కావచ్చు. ఒకే డ్రెస్సు నడుము కుట్టు ఒకరికి పక్కటెముకల మీద, ఇంకొకరికి బొడ్డు కింద పడుతుంది. భుజాలు నిటారుగా ఉన్నాయా, కిందికి వాలాయా అన్నదీ అంతే. వాలు భుజాలవాళ్ళకు మెడ పక్కన ముడత పడుతుంది, సైజు మార్చినా పోదు. నిలబడే తీరు సరేసరి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అద్దంలో కంటికి కనిపించేది వెడల్పు, టేపు చెప్పేది చుట్టుకొలత. నడుము 32 అంగుళాలున్న ఇద్దరిలో ఒకరికి అది పక్కలకు విస్తరించి ఉండొచ్చు, ఇంకొకరికి ముందుకు పొట్టగా వచ్చి ఉండొచ్చు. మొదటి మనిషిని ఎదురుగా చూస్తే నడుమే లేనట్టుంటుంది. రెండో మనిషి ఎదురుగా సన్నగానే కనిపించి, పక్కకు తిరిగితే గానీ పొట్ట బయటపడదు. టేపు దృష్టిలో ఇద్దరూ ఒకటే. అద్దం చూసి తేల్చుకున్న పేరు, కొలతలతో తేలిన పేరు కలవకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

బట్టల సలహాల్లో చిరకాలంగా నలుగుతున్న ఒక మాట గురించి చెప్పి ముందుకెళదాం. అడ్డచారలు లావుగా చూపిస్తాయి, నిలువు చారలు సన్నగా చూపిస్తాయి అంటారు. 1867లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీనికి ఎదురుమాట చెప్పాడు. ఒకే కొలతలున్న రెండు చతురస్రాల్లో అడ్డగీతలున్నదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని చూపాడు. 2008లో బ్రిటన్‌లో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థాంప్సన్ చారల బట్టలు వేసిన స్త్రీల బొమ్మలతో ప్రయోగం చేశాడు. అక్కడ కూడా అడ్డచారలు లావు చూపిస్తాయన్న నమ్మకం నిలబడలేదు. 'మీ ఆకారానికి ఇవి నిషిద్ధం' అనే జాబితాలకు ఇంతకన్నా గట్టి పునాది ఉందనుకోవడం కష్టం.

జిమ్ముల్లో వినిపించే ఎక్టో, మెసో, ఎండో కథ ఇంకా విచిత్రమైనది. 1940లలో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం షెల్డన్ వీటిని ప్రచారంలోకి తెచ్చాడు. పిండంలో ఉండే మూడు పొరల పేర్ల నుంచి ఈ పదాలు తీశాడు. బక్కపలచటి మనిషి ఎక్టోమార్ఫ్, కండపుష్టి ఉన్నవాడు మెసోమార్ఫ్, బొద్దుగా ఉంటే ఎండోమార్ఫ్. అతని అసలు ఉద్దేశం వ్యాయామం కాదు. ఒంటి తీరును బట్టి మనిషి స్వభావం చెప్పవచ్చని అతని వాదం: బొద్దుగా ఉన్నవాళ్ళు సరదా మనుషులు, సన్నటివాళ్ళు లోలోపల మథనపడేవాళ్ళు అన్న ధోరణిలో. అందుకోసం పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థుల నగ్న ఛాయాచిత్రాలు కూడా వాడాడు. స్వభావం గురించి చెప్పిందంతా తర్వాత శాస్త్రం పక్కన పెట్టేసింది. కేవలం ఒంటి తీరును వర్ణించడానికి 1967లో హీత్, కార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పద్ధతిని సరిచేశారు. క్రీడా శాస్త్రంలో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. షెల్డన్ కూడా ఎవరినీ ఒకే గదిలో కూర్చోబెట్టలేదు. ప్రతి మనిషికీ మూడిటిలోనూ 1 నుంచి 7 దాకా మార్కులు వేశాడు. 'నేను ఎండోమార్ఫ్, నాకు ఈ డైట్ పడదు' అనే మాట అతని లెక్కలోనే కుదరదు.

ఇక ఆరోగ్యం. ఆకారం నిజంగా లెక్కలోకి వచ్చే చోటు ఇదే.

1947లో ఫ్రాన్స్‌లోని మార్సెయి నగరానికి చెందిన వైద్యుడు జాన్ వాగ్ ఒక విషయం గమనించి రాశాడు. లావుగా ఉన్న అందరికీ ఒకే రకం జబ్బులు రావడం లేదు. పొట్ట, పై భాగం చుట్టూ కొవ్వు చేరినవాళ్ళలో మధుమేహం, రక్తనాళాల జబ్బులు ఎక్కువ. తుంటి, తొడల దగ్గర చేరినవాళ్ళలో అంతగా లేవు. యాపిల్, పియర్ పోలిక వైద్యంలో స్థిరపడటానికి మూలం ఈ ఆలోచనే. కారణం కూడా ఇప్పుడు చాలావరకు తెలుసు. పొట్టలో రెండు రకాల కొవ్వు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే దొరికేది చర్మం కింద కొవ్వు. పేగుల చుట్టూ లోపల పేరుకునేది వేరు, అది పట్టుకుంటే దొరకదు. బానపొట్ట ఒక్కోసారి గట్టిగా, బిగిసి ఉండటానికి కారణం ఈ లోపలి కొవ్వే. పేగుల చుట్టూ ఉన్న ఈ కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి వెళుతుంది, దాంతోపాటు కొవ్వు ఆమ్లాలూ వెళతాయి. తొడల కొవ్వు ఇందుకు భిన్నంగా, తెచ్చుకున్నదాన్ని నిదానంగా వదిలే గాదె లాంటిది. తిన్న కొవ్వును అక్కడ దాచుకోవడం వల్ల అది కాలేయం మీద, గుండె మీద పడదు. కొందరు చిన్నప్పటినుంచీ ఈసడించుకునే తొడలే వాళ్ళకు కొంత కాపుదల ఇస్తున్నాయన్నమాట.

2005లో ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 52 దేశాలు, 27 వేల మంది. గుండెపోటు ముప్పును అంచనా వేయడంలో ఎత్తు, బరువులతో లెక్కగట్టే బీఎంఐ కన్నా నడుము, తుంటి నిష్పత్తి మెరుగ్గా పనిచేసిందని అందులో తేలింది. నడుమును తుంటితో భాగిస్తే వచ్చేదే ఈ నిష్పత్తి. మగవాళ్ళకు 0.90, ఆడవాళ్ళకు 0.85 చేరితే ముప్పు బాగా పెరిగినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెబుతుంది.

అలాగని ఫ్యాషన్ పేరును ఆరోగ్యానికి అంటగడితే దెబ్బతింటాం. రెండు ఉదాహరణలు చూడండి. ఒక స్త్రీ ఎత్తు 5 అడుగులు, ఛాతీ 46, నడుము 37, తుంటి 47 అంగుళాలు. తేడాలు లెక్కేస్తే ఈమె పక్కా ఢమరుకం, అందరూ మెచ్చుకునే ఆకారం. నడుము, తుంటి నిష్పత్తి 0.79, అదీ హద్దులోనే ఉంది. ఇంకొకరి ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, ఛాతీ 33, నడుము 27, తుంటి 35. ఈమె దీర్ఘచతురస్రం, నిష్పత్తి 0.77. పేర్లు చూస్తే మొదటామె అదృష్టవంతురాలు, నిష్పత్తులు చూస్తే ఇద్దరూ దాదాపు సమానం. ఇప్పుడు నడుమును ఎత్తుతో భాగించండి. మొదటామెకు 0.62, రెండో ఆమెకు 0.42. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సలహా ప్రకారం నడుము ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలి. 0.5 నుంచి ముప్పు పెరుగుతుంది, 0.6 చేరితే ఎక్కువ. నడుము పెరుగుతూ తుంటి కూడా దాంతోపాటే పెరిగితే నిష్పత్తి కదలదు, ఎత్తు మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ఒకే ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పనికొస్తుంది. పండు పేరు అడగదు, ఆడామగా తేడా కూడా అడగదు.

ఆకారాన్ని మార్చుకోవచ్చా అంటే, ఏ భాగం గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. భుజాల ఎముకలు, పక్కటెముకల గూడు, కటి వెడల్పు పెద్దయ్యాక మన చేతుల్లో ఉండవు. కొవ్వు ఎక్కడ చేరాలన్నది చాలావరకు జన్యువులు, హార్మోన్లు నిర్ణయిస్తాయి. 2015లో ప్రకటించిన ఒక భారీ జన్యు పరిశోధన, బరువుతో సంబంధం లేకుండా నడుము, తుంటి నిష్పత్తిని ప్రభావితం చేసే 49 చోట్లను జన్యుపటంలో గుర్తించింది. వాటిలో 20 చోట్ల ప్రభావం ఆడవాళ్ళలో ఒకలా, మగవాళ్ళలో ఒకలా ఉంది. ఆ 20లో 19 చోట్ల ఆడవాళ్ళలోనే ఎక్కువ. బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి, అప్పటిదాకా తొడలకు చేరిన కొవ్వు పొట్ట వైపు మళ్ళుతుంది. ముప్పై ఏళ్ళు పియర్ అనుకున్న మనిషి యాభై దాటాక యాపిల్ కావడం అందుకే.

ఫలానా చోట కొవ్వు కరిగించే వ్యాయామం అనే మాటను మాత్రం నమ్మనక్కర్లేదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులనూ కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి రాకెట్ తిప్పిన చేతికి కండ ఎక్కువ ఉంది, కానీ చర్మం కింద కొవ్వు మందం రెండో చేతికన్నా తక్కువేమీ లేదు. కొవ్వు తగ్గేటప్పుడు ఒళ్ళంతా తగ్గుతుంది, పెద్ద పియర్ చిన్న పియర్ అవుతుంది. కండ మాత్రం కావలసిన చోట పెంచుకోవచ్చు. భుజాలకు, పిరుదులకు కండ పట్టిస్తే నడుము అంగుళం తగ్గకపోయినా ఆకారం వేరేగా కనిపిస్తుంది.

కొలుచుకోవాలనుకునేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. నడుము అంటే బొడ్డు కాదు, ప్యాంటు కట్టుకునే చోటూ కాదు. పక్కన చేత్తో తడిమితే కింది పక్కటెముక తగులుతుంది, దాని కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు పట్టాలి. ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత, పొట్ట లోపలికి లాగకుండా చూడాలి (లాగకుండా ఉండటం అనుకున్నంత సులువు కాదు). తుంటి కొలత పిరుదుల చుట్టుకొలత అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చోట. టేపు చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి, చర్మాన్ని నొక్కకూడదు. పొద్దున్నే పరగడుపున కొలిస్తే, మళ్ళీ కొలిచినప్పుడు కూడా పొద్దున్నే పరగడుపున కొలవాలి.

కొలతల్లో వచ్చే కొన్ని మార్పులకు పండ్ల పేర్లు పెట్టి ఊరుకోకూడదు. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడుతుంటే, పొట్ట మీద ఊదారంగు చారలు కనిపిస్తుంటే కార్టిసాల్ హార్మోను ఎక్కువైందేమో డాక్టరు చూడాలి. లిపిడీమా అనే ఇంకో జబ్బు ఉంది. 1940లోనే అమెరికా వైద్యులు దీన్ని వర్ణించారు. దాదాపుగా ఆడవాళ్ళకే వస్తుంది. రెండు కాళ్ళూ తుంటి నుంచి చీలమండల దాకా సమానంగా లావెక్కుతాయి, పాదాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. చీలమండ దగ్గర కడియం పెట్టినట్టు గీత కనిపిస్తుంది. నొక్కితే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం దీని గుర్తులు. తిండి తగ్గిస్తే ముఖం, నడుము పీక్కుపోతాయి తప్ప కాళ్ళు తగ్గవు. ఈ జబ్బున్నవాళ్ళు తమది పియర్ ఆకారమనుకుని ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకోవడం మామూలే. వాళ్ళు వెళ్ళాల్సింది డైట్ చెప్పేవాళ్ళ దగ్గరకు కాదు, కాళ్ళు పట్టి చూసే డాక్టరు దగ్గరకు.